దోమతెర దోపే హక్కు

మేము కొన్నేళ్లపాటు కాపురమున్న పరదేశపు మేడకు వెనుకవైపు ఒక కాలువ ఉండేది. మర్యాదకు కాలువ అంటున్నాను గాని, పారనిదాన్ని ఆ మాటతో పిలవవచ్చునా అన్న సందేహం నాకు అప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉన్నది. పచ్చగా, దళసరిగా, కదలక మెదలక పడి ఉండే ఆ నీటిని మొదటిరోజు పైనుంచి చూసి మా ఇంటావిడ "వెనకాల పచ్చిక బయలు బాగుందండీ" అన్నది. సాయంకాలం దీపాలు వేసేసరికి ఆ పచ్చిక బయలు లేచి మా ఇంట్లోకి వచ్చింది.

విదేశంలో దోమలుండవని మాకు ఎవరు చెప్పారో గుర్తులేదు. ఆ మేడలోని తెలుగువాళ్లమంతా మాత్రం ఆ మాట నమ్మి వచ్చినవాళ్లమే. పెట్టెల్లో ఇనుప మూకుళ్లు తెచ్చుకున్నవారు, రుబ్బురోలు తెచ్చుకున్నవారు కూడా ఉన్నారు. దోమతెర తెచ్చుకున్నవారు ఒక్కరూ లేరు. ఒకాయన దోమల కాయిల్ వెలిగిస్తే పైకప్పుకు బిగించిన పొగ గంట గొల్లుమని, అన్ని అంతస్తుల వాళ్లమూ మెట్ల మీద సమావేశమయ్యాము. ఒకావిడ దోమల బ్యాటు కొనుక్కుని రోజూ సాయంకాలం గాలితో యుద్ధం చేసేది. కిటికీలు మూసుకున్నవాళ్లు చెమటలో ఈదారు, తెరుచుకున్నవాళ్లు గోళ్లతో గీరుకున్నారు.

ఆ మేడలో మొదట దోమతెర వెలసిన ఇల్లు మా పై వాటా. కుట్టినది తెరలమ్మ.

ఆమె అసలు పేరు మాకు తెలియకపోలేదు. వాడగా ఎవరూ వినలేదు. బజారు వీధిలో కిటికీలకూ గుమ్మాలకూ తెరలు కుట్టి అమ్మే కొట్టు ఒకటి ఉండేది. అందులో కిటికీ పక్కనున్న మిషను ఆమెది. మెడలో కొలతల టేపు దండలా వేలాడుతుండేది. కూరగాయలకు వెళ్లినా అది తీసేది కాదు. మాటలాడుతూ మాటలాడుతూ మన వెనకనున్న కిటికీ వంక చూసేది. అది మర్యాద తక్కువ చూపని మొదట్లో మా ఇంటావిడ నొచ్చుకున్నది గాని, ఎత్తూ వెడల్పూ లెక్క కడుతున్నదని తరువాత తెలిసింది. సన్నని మనిషి, చురుకైన చెయ్యి. ఎంతోమంది అక్కల తరువాత పుట్టింది. వేసుకున్న ప్రతి గౌనూ, తొడిగిన ప్రతి చెప్పూ, చదివిన ప్రతి వాచకమూ అంతకుముందు మరొకరివే. "మా అమ్మ నన్ను కొట్టిన గరిట కూడా అక్కల మీద అరిగిందే పిన్నిగారూ" అనేది మా ఇంటావిడతో. నవ్వుతూనే అనేది, కాని నవ్వించడానికి కాదు.

అందుకేనేమో, తనదనుకున్న వస్తువు మీద మరొకరి నీడ పడితే ఆమె ఓర్చుకోలేకపోయేది. కొట్లో తాను కుట్టిన తెరలు ఎవరి ఇంటికి వెళ్లాయో కనుక్కుని, ఆ వీధిన పోయినప్పుడల్లా తల ఎత్తి చూసేది. వాళ్లు తెరను తన కుచ్చెళ్ల తీరున కాక వేరే విధంగా ముడివేసి ఉంటే ఆ పూట అన్నం సయించేది కాదు. ఆమె భర్తది ఆ ఊళ్లోనే రొట్టెల బట్టీలో పని. మేడ మీద అందరికీ ఆయన రొట్టెలాయన. ఒకనాడు పని నుంచి వచ్చి, "ఇవాళ పిండి ఎంత చక్కగా పొంగిందనుకున్నావ్! ముట్టుకుంటే బుగ్గలా ఉంది" అన్నాడట. ఆమె రెండు రోజులు పలకలేదు.

"పిండి మీద కూడానా తల్లీ?" అన్నది మా ఇంటావిడ.

"బుగ్గ అన్నాడండీ! నా బుగ్గను ఎప్పుడైనా పిండి అన్నాడా?"

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఇతరుల మంచిలో చెడు వెదకడం అసూయ అనీ, ఇతరుల కలిమిని సహించలేకపోవడం ఈర్ష్య అనీ పెద్దలు విడదీసి చెప్పారు. ఈ రెండింటినీ కలిపి వాడే విద్యార్థి జవాబు పత్రంలో నేను మార్కు తగ్గించిన రోజులున్నాయి. అయితే తెరలమ్మ దగ్గర ఉన్నది ఈ రెండూ కాదనిపిస్తుంది. తన చేతిలో ఉన్నది జారిపోతుందేమోనని పిడికిలి మరీ బిగించడం అది. దానికి సంస్కృతంలో ఏ పేరు ఉన్నదో నాకు తెలియదు. ఇళ్లల్లో మాత్రం కుళ్లు అని తేలిగ్గా అనేస్తారు. ఆ మాటలో మనిషి పట్ల దయ లేదు.

సరే, ఆ దోమతెర సంగతి. బట్టీ పని తెల్లవారకముందు చీకటితో మొదలవుతుంది కనుక రొట్టెలాయన పొద్దుగూకగానే పడుకోవలసినవాడు. లోకమంతా దీపాలు వేసుకునే వేళ ఆయనకు పడక వేళ. దోమలకు సరిగ్గా అదే భోజనాల వేళ. ఆయన ఒంటి మీద కుట్టిన ప్రతిచోటా ఉసిరికాయంత దద్దురు లేచేది. తెరలమ్మను మాత్రం ఒక్క దోమా ముట్టేది కాదు. నిద్ర చాలక ఆయన ఒకసారి బట్టీ ముందు నిలబడే కునికాడని, చేతి వెంట్రుకలు కాలాయని తెలిసి, ఆమె కొట్లో మిగిలిన పల్చటి వలగుడ్డ ముక్కలన్నీ అడిగి తెచ్చుకుని, అతుకు కనబడకుండా కలిపి, మంచానికి సరిపడే తెర కుట్టింది. నాలుగు మూలలా తాళ్లు, కింద చుట్టూ పరుపు కింద దోపడానికి జానెడు అంచు.

ఆ తెరతో పాటు ఆమెకు ఒక సమయం దక్కింది. భర్త తెరలో దూరగానే ఆమె బయటనుంచి అంచు దోపేది. తరువాత మంచం పక్కన మడత కుర్చీ వేసుకుని, ఒళ్లో ఏదో కుట్టుపని పెట్టుకుని కూర్చునేది. తెర అవతల ఆయన, ఇవతల ఆమె. ఆనాడు కొట్లో వచ్చిన బేరాలు, బట్టీలో మాడిన తట్టలు, ఊరి కబుర్లు, పనికిరాని మాటలు. ఆయన మాట మధ్యలో "ఊఁ" అనడం మానేశాడంటే నిద్రపోయాడన్నమాట. ఆమె అప్పుడు దీపం తీసేసి వంటింట్లోకి పోయేది. రోజంతటిలో భార్యాభర్తలిద్దరూ మెలకువగా, ఒకరికొకరు తీరికగా ఉండే సమయం అదొక్కటే. "పిన్నిగారూ, ఇది ఎవరూ వాడి ఇచ్చింది కాదండీ" అని ఆమె ఆ కుర్చీ గురించే చెప్పిందని మా ఇంటావిడకు తరువాత అర్థమైంది.

అటువంటి ఇంటికి వదినగారు వచ్చారు.

వదినగారంటే రొట్టెలాయన అక్కగారు. తల్లి లేని తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. భర్త పోయిన తరువాత ఆసుపత్రిలో ఆయాగా చేరి పక్కలు సర్దుతూ బతికారు. ఈ ఊళ్లో వృద్ధుల వసతి గృహానికి పక్కలు వేయడం తెలిసిన మనిషి కావాలని విని తమ్ముడే పిలిపించాడు. ఆవిడ దుప్పటి పరిస్తే అది పక్కమీద పరిచినట్టుండేది కాదు, గీసినట్టుండేది. ముందు గదిలో మడత మంచం వేసుకున్నారు. తమ్ముడు తమ తెరను ఆవిడకు ఇవ్వబోతే, "నన్ను దోమలు ముట్టవురా, చిన్నప్పటి నుంచీ అంతే" అని తోసేశారు.

వచ్చిన మొదటి సాయంకాలమే అది జరిగింది. తెరలమ్మ అలవాటు ప్రకారం వంగి అంచు దోపుతున్నది. వదినగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు.

"అయ్యో, అలా కాదమ్మాయ్! గుడ్డ పట్టుకుని లోపలికి నెట్టడమేనా? ముందు మూల మడవాలి, తరవాత పక్క. ఇలా జరుగు."

"రోజూ నేనే దోపుతున్నానండీ వదినగారూ. ఒక్క దోమ రాలేదు."

"రాకపోవడం నీ అదృష్టం. వీడు పాకే రోజుల నుంచీ దోపాను, నాకు తెలియదూ? ఒరేయ్ తమ్ముడూ, కాళ్లు ముడుచుకో."

తమ్ముడు ముడుచుకున్నాడు. వదినగారు మంచం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేసరికి అంచు పరుపు కింద ఇనుప పట్టీలా బిగిసిపోయింది. బిగించిన తరువాత నడుం పట్టుకుని "అమ్మయ్య" అంటూ వదినగారు పక్కనున్న మడత కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీ ఎవరిదో ఆవిడకేం తెలుసు? తెరలమ్మ కాసేపు నిలబడి వంటింట్లోకి వెళ్లింది.

మరునాడు మా ఇంట్లో అగ్గి రాజుకున్నది.

"మీసాలొచ్చిన మగాడు పిన్నిగారూ! కాళ్లు ముడుచుకోమంటే ముడుచుకున్నాడండీ!"

"నువ్వు చెబితే ముడుచుకోడా?"

"నేను చెబితే 'ఎందుకూ?' అంటాడు!"

అది మొదలు ప్రతి సాయంకాలమూ అంతే. వదినగారు దోపేవారు, కుర్చీలో కూర్చునేవారు, అక్కాతమ్ముళ్లు పాత కబుర్లలో పడేవారు. ఏ మేకపిల్ల ఏ బావిలో పడింది, ఏ మావయ్య ఏ పెళ్లిలో అలిగాడు, ఎవరి బండి ఎక్కడ తిరగబడింది. ఆ మేకపిల్ల తెరలమ్మ ఎరిగినది కాదు. వంటింటి గుమ్మం దగ్గర చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నట్టు నిలబడి, ఆ ఊళ్లో రాళ్లు లేని బియ్యమే దొరుకుతుందన్న సంగతి కూడా మరచి, ఆమె వదినగారి చేతుల వంకే చూస్తుండేది. మూల మడత. బొటనవేలితో నొక్కు. తరువాత పక్క. అరచేతితో రాపు. ఆ చేతుల మీద ఆమెకున్నంత కసి దోమలకు కూడా లేదు.

ఊరకే ఉండలేదు. ఒకనాడు కుర్చీ దాచింది. వదినగారు మంచం అంచునే కూర్చున్నారు, ఇంకా దగ్గరయ్యారు. ఒకనాడు తొందరగా కొట్టు నుంచి వచ్చి తానే ముందు దోపేసింది. వదినగారు వచ్చి, మొత్తం పైకి లాగి మళ్లీ దోపారు. ఒకనాడు భర్తను సూటిగా అడిగింది.

"ఏమండీ, మన తెర మనం దోపుకోలేమా?"

"ఎవరు దోపితే ఏముందోయ్? దోమ రాకపోతే చాలుగా."

ఆ జవాబు ఆమెకు దోమకాటు కంటె ఎక్కువ మండింది.

"ఆడపడుచు అర్ధమొగుడని ఊరికే అన్నారా పిన్నిగారూ! మా ఇంట్లో మొగుడిలో సగం ఆవిడ, సగం బట్టీ. ఇక నాకు మిగిలిందేమిటి?"

"గురక" అన్నది మా ఇంటావిడ. తెరలమ్మ నవ్వలేదు. పైగా ముక్కు చీదింది. హాస్యానికి అది సమయం కాదని నేను పక్కగదిలోంచి దగ్గి సూచించాను.

ఏడ్చిన మనిషి ఊరుకున్నదా? కొట్టు యజమానురాలిని అడిగి, పని అయిపోయిన తరువాత కూడా మిషను మీద కూర్చుని కొత్త తెర ఒకటి మొదలుపెట్టింది. దానికి కింద అంచు లేదు. అడుగున పరుపు పట్టేటంత గట్టి గుడ్డ; దాని చుట్టూ వలగుడ్డను అతికి కుట్టేసింది. పెట్టెలా నాలుగు వైపులా, కిందా, పైనా మూత. ఒక పక్క మనిషి దూరేటంత జిప్పు. దోపడానికి ఎక్కడా ఏమీ లేదు. దోపవలసిన అవసరాన్నే లోకం నుంచి తొలగించాలన్న ఆలోచన తెరలమ్మకే వచ్చింది. తెరల విషయంలో ఇది గొప్ప ముందడుగని ఒప్పుకోక తప్పదు.

ఆ సాయంకాలం కొత్త తెర కట్టింది. రొట్టెలాయన లోపలికి దూరాడు. ఆమె బయటనుంచి జిప్పు లాగింది. వదినగారు వసతి గృహం నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుంటూ రోజూలాగే వచ్చి వంగారు. ఆవిడ చెయ్యి తల వైపు నుంచి కాళ్ల వైపు దాకా పరుపు వెంట పోయింది. మళ్లీ వెనక్కి వచ్చింది. కళ్లజోడు ఎక్కడో పెట్టి మరచిపోయినవాళ్లు చేత్తో బల్ల తడుముకుంటారే, అలా.

"అంచేదమ్మాయ్?"

"లేదండీ వదినగారూ. ఇక దోపే పని లేదు. పగలంతా ఆ పక్కలన్నీ సర్ది సర్ది మీకు నడుం నొప్పి కదా, అందుకని ఇలా కుట్టాను."

వదినగారు అతుకు మీద వేలు పెట్టి చూశారు. "కుట్టు బాగుంది" అన్నారు. ముందు గదిలోకి వెళ్లి తమ మడత మంచం మీద కూర్చున్నారు.

తెరలమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్నది. కొట్లో ఆనాటి విశేషాలు రెండు చెప్పింది. కుర్చీ మునుపటి కుర్చీయే, భర్త మునుపటి భర్తే.

"అక్క కూర్చోలేదేం?" అన్నాడు ఆయన.

"అలిసిపోయారట."

ఆమె మూడో విశేషం మొదలుపెట్టింది.

"ఒంట్లో బాగానే ఉందా అక్కకు?"

మూడో విశేషం అక్కడితో ఆగిపోయింది. ఆయనకు నిద్ర పట్టలేదు. ఆమెకు చిరాకు వేసి, వంటిల్లు తొందరగా సర్దుకుని, తానూ పడుకుంటే సరి అనుకుని జిప్పు తీసి లోపలికి దూరింది. దూరి, మూయడానికి చెయ్యి పెట్టింది. జిప్పు పళ్లు తగిలాయి. లాగే పిడి తగల్లేదు.

"పిడి ఏదండీ?"

"అవతల ఉందోయ్."

సంగతి ఏమిటంటే, తెరలమ్మ జీవితంలో కుట్టిన జిప్పులన్నీ సోఫా దిండ్ల గలీబులకు కుట్టినవే. వాటికి పిడి ఎప్పుడూ పైవైపునే. దిండు ఎన్నడూ లోపల కూర్చుని తన జిప్పు తాను మూసుకోదు గదా! చేతికి అలవాటైన పని చేతులు చేసుకుపోయాయి. లోపల ఉండబోయేది మనుషులన్న సంగతి వాటికి తోచలేదు.

వేలు దూర్చి పిడి అందుకోబోయింది; కొంతవరకు వచ్చి వేలే ఇరుక్కున్నది. తలపిన్నుతో ప్రయత్నించింది. గుడ్డ కుచ్చిపట్టి పళ్లు కలపబోయింది. ఈలోగా దోమలు పేరంటానికి పిలిచినట్టు బారులు తీరి లోపలికి వచ్చాయి. రొట్టెలాయన మొదట నవ్వాడు. తరువాత మెడ మీద చరుచుకున్నాడు. తరువాత నోరు తెరిచాడు.

"అక్కా!"

"పిలవకండి!" అని ఆమె ఆయన చెయ్యి గిల్లింది.

"అక్కా, ఓ అక్కా! ఒకసారి ఇలా రా!"

వదినగారు వచ్చి దీపం వేశారు. తెర లోపల తమ్ముడు, మరదలు. తెర సందులో మరదలి వేలు. ఆవిడ నవ్వి ఉంటే తెరలమ్మ అయినా ఓర్చుకునేది. నవ్వలేదు. "చేతులు లోపల పెట్టుకోండి" అని, ఈ చివర నుంచి ఆ చివర దాకా జిప్పు తీరిగ్గా లాగారు. లాగి, మంచి మనసుతోనే అడిగారు.

"పొద్దున ఎన్నింటికి తియ్యమంటావమ్మాయ్?"

ఇదివరకు ఆవిడ తెర దోపేవారు. ఇకమీద ఆవిడ తాళం వేస్తారు, తాళం తీస్తారు. ఎంత కుట్టి ఎక్కడ తేలినట్టు!

అప్పటికీ అది పూర్తి కాలేదు. దీపం వెలుతురు వదినగారి చేతుల మీద పడింది. మోచేతుల నుంచి మణికట్ల దాకా ఎర్రగా దద్దుర్లు.

"అక్కా, ఆ చేతులేమిటి? నిన్ను దోమలు ముట్టవన్నావుగా!"

"అవి మన ఊరి దోమల్రా. వీటికి నా సంగతి తెలియదు."

"జిప్పు తియ్యి. తియ్యక్కా ముందు!"

ఆయన బయటికి వచ్చి, అలమారలో మందు డబ్బా వెదికి, అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, నేల మీద తాను కూర్చుని, ఒక్కొక్క దద్దురు మీద రొట్టెకు వెన్న రాసినంత శ్రద్ధగా మందు రాశాడు. రాసి ఊదాడు. తెరలమ్మ తాను కుట్టిన పెట్టెలో ఒంటరిగా కూర్చుని, తన వేలికి తానే నోటితో ఊదుకుంటూ అదంతా చూసింది.

"నాకు ఏనాడైనా రాశాడా పిన్నిగారూ?" అని మరునాడు ప్రశ్న.

"నిన్ను దోమలు కుడితే కదమ్మా!"

"కుట్టకపోవడం కూడా నా తప్పేనా!" అని, "ఆ మందు డబ్బాకు మూత పడాలి. పడితీరాలి" అని లేచిపోయింది.

లేచిపోయి చేసిన పని ఇది. కొట్లో కొత్త తెర జిప్పుకు లోపలివైపు మరో పిడి ఎక్కించింది. పాత తెరను, తాను మొదట కుట్టినదాన్ని, విప్పి, మడత మంచం వెడల్పుకు కుదించి, చుట్టూ అంచు ఉంచి మళ్లీ కుట్టింది. ఆవిడ చేతులు బాగుపడితే ఆయన నేల మీద కూర్చునే పని ఉండదు. అంతే ఆమె లెక్క. పరోపకారమన్న మాట ఆ లెక్కలో ఎక్కడా లేదని ఆమే మా ఇంటావిడతో ఒట్టేసి చెప్పింది. నేను నమ్మాను. మా ఇంటావిడ నమ్మలేదు.

సాయంకాలం ముందు గదిలో మడత మంచం మీద తెర కనబడేసరికి వదినగారు తటపటాయించారు.

"నాకెందుకమ్మాయ్ ఇవన్నీ?"

"చేతుల నిండా దద్దుర్లతో వెళ్లి పక్కలు సర్దితే అక్కడి ముసలివాళ్లు ఏమనుకుంటారు? ఎక్కండి."

వదినగారు ఎక్కి కూర్చున్నారు. అంచు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ చూశారు. ఎన్నో ఏళ్లుగా ఎందరి పక్కలనో సర్దిన మనిషి. అన్నీ బయట నిలబడి సర్దినవే. లోపల కూర్చుని పరుపు కిందికి గుడ్డ తోయబోతే మూల నిలవడం లేదు. తమ కోసం ఒకరు బయట నిలబడడమన్నది ఆవిడ ఎరగరు.

"లోపల్నుంచి నాకు చేతకావడం లేదే" అన్నారు, తమలో తాము అనుకుంటున్నట్టు.

పడకగదిలో జిప్పు చప్పుడైంది. "ఉండక్కా, నేనొచ్చి దోపుతాను!"

తెరలమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"మీరు లోపలికి వెళ్లండి. దోపే పని నాది."

"ఎవరు దోపితే ఏముందోయ్..."

"ఉంది. వెళ్లండి!"

ఆయన వెళ్లాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చున్నది. ముందు మూల మడిచింది. బొటనవేలితో నొక్కింది. తరువాత పక్క. అరచేతితో రాపు. ఒక్క మడత కూడా తప్పిపోలేదు. బడిలో గడిపిన ఏళ్లన్నిటిలోనూ భక్తితో నేర్చుకున్న శిష్యులను చూశాను, భయంతో నేర్చుకున్నవారిని చూశాను. వంటింటి గుమ్మంలో నిలబడి కసితో తెరలమ్మ నేర్చుకున్నంత క్షుణ్ణంగా నేర్చుకున్నవారు నాకు తారసపడలేదు.

వదినగారు లోపలినుంచి మూలను అరచేత్తో తట్టి చూశారు.

"కాళ్ల వైపు మూల వదులమ్మాయ్."

"వదులు కాదండీ. మీరు తన్నారు."

"నేనా?"

"మీరే. కాళ్లు ముడుచుకోండి."

వదినగారు తెరలోంచి మరదలి వంక చూశారు. ఆ మాట ఆవిడ ఎందరితోనో అని ఉంటారు, ఆవిడతో ఎవరన్నారు? తరువాత కాళ్లు ముడుచుకున్నారు. తెరలమ్మ మూల మళ్లీ లాగి, మరింత కోపంగా, మరింత బిగువుగా దోపింది.

ఆ తరువాత కుర్చీ ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చింది. భర్త పక్కన వేసుకుంటే వదినగారికి వినబడాలని ఆయన అరిచి మాట్లాడేవాడు. అందుకని రెండు గదులకూ మధ్య గుమ్మంలో వేసుకున్నది. ఒక చెవి అటు, ఒక చెవి ఇటు. ఆయనకు నిద్ర పట్టిన తరువాత కూడా వదినగారికి పట్టేది కాదు. పగలంతా మన భాష రాని ముసలివాళ్ల మధ్య గడిపే మనిషికి చెప్పవలసినవి చాలా ఉండేవి. కుర్చీ కొంచెం ఇటు జరిగింది. తరువాత ఇంకొంచెం. మేకపిల్ల బావిలో ఎలా పడిందో తెరలమ్మకు మొదటినుంచి తెలిసింది. చిన్నప్పుడు తమ్ముడు చేసిన వెధవ పనుల జాబితా ఒకటి భార్య చేతికి అందింది. మా పైకప్పు మీదుగా ఇద్దరు ఆడవాళ్ల నవ్వులు వినబడడం మొదలైంది. వదినగారి సహోద్యోగి ఒకావిడ ఒకనాడు వచ్చి ఉండి, వెళ్లబోయే ముందు మంచి మనసుతో తెర అంచు దోపి వెళ్లిందట. ఆమె మెట్లు దిగిందో లేదో తెరలమ్మ మొత్తం పైకి లాగి మళ్లీ దోపింది. చూసి వచ్చిన మా ఇంటావిడే చెప్పింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంకాలం రొట్టెలాయన మెట్ల మీద నన్ను ఆపాడు. చేతిలో మాకోసం తెచ్చిన రొట్టె ఉన్నది.

"మేష్టారూ, ఒక్క మాట. మీ ఇంట్లోకి మా ఇంటి మాటలేమైనా వినబడతాయా?"

"నవ్వులు వినబడతాయి. మాటలు వినబడవు."

"నాకూ అంతే మేష్టారూ! నా ఇంట్లో నాకు! 'ఏమిటే నవ్వుతున్నారు?' అంటే, 'మీరు పడుకోండి' అంటారు. ఇద్దరూ ఒకే మాట, ఒకే గొంతు."

"జిప్పుకు ఇప్పుడు లోపల కూడా పిడి ఉన్నదిగా నాయనా. అది లాగి బయటికి వెళ్లి అడగలేకపోయావా?"

"వెళ్లాను మేష్టారూ. దోమలు కుట్టినా సరే అని వెళ్లాను. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరూ మాట మార్చేశారు."

ఇంకేదో అనబోయాడు. పైనుంచి మళ్లీ నవ్వు వినబడింది. రొట్టె నాకివ్వడం మరచి, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి వెళ్లిపోయాడు.